జాషువా అనే పేరు: మూలం, ప్రయాణం, అర్థాలు

(గుర్రం జాషువా స్మారక ఉపన్యాసం, నంద్యాల)



1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టి, 1971 జూలై 24న కన్నుమూసిన గుర్రం జాషువా పేరు మీద జరుగుతున్న సభ ఇది. పంతులుగా బతుకు వెళ్లదీస్తూ, ఊరివాళ్ల చేత కులం పేరుతో అవమానాలు పడుతూ, సంస్కృతాంధ్ర కావ్యాలను పట్టుదలతో చదువుకుని, ‘ఫిరదౌసి’, ‘గబ్బిలం’, ‘ముంతాజమహలు’, ‘క్రీస్తు చరిత్ర’ వంటి కావ్యాలను తెలుగుకు ఇచ్చిన కవి ఆయన. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. ఆయన కవిత్వం గురించి తెలుగు దేశంలో ఎన్నో సభలు జరిగాయి, ఇంకా జరుగుతాయి. ఈ ఉపన్యాసం మాత్రం ఆయన సంతకంలోని ఒక్క మాటను, అంటే జాషువా అనే పేరును తీసుకుంటుంది. హీబ్రూ ధాతువు ఈ పేరుకు రక్షణ అనే అర్థం ఇచ్చింది. తెలుగు నేల మీద దానికి కవి అనే అర్థం ఏర్పడి, మొదటి అర్థాన్ని మించిపోయింది. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే పేరు వచ్చిన దారిని దశలవారీగా చూడాలి.

1

హీబ్రూ భాషలో మాటలు సాధారణంగా మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. జాషువా అనే పేరుకు మూలమైన ధాతువులో యోద్, షిన్, అయిన్ అనే మూడు హల్లులున్నాయి. వీటిలో చివరిదైన అయిన్ గొంతు లోతులో పుట్టే ధ్వని, దానికి తెలుగు వర్ణమాలలో అక్షరం లేదు. ఆపద నుంచి విడిపించడం, కాపాడడం ఈ ధాతువుకు అర్థం. బైబిల్లోని సంఖ్యాకాండం పదమూడో అధ్యాయంలో, కనాను దేశాన్ని చూసి రమ్మని పన్నెండుమందిని పంపే సందర్భంలో, మోషే నూను కుమారుడైన హోషేయకు యెహోషువ అని కొత్త పేరు పెడతాడు. హోషేయ అన్న పాత పేరులో రక్షణ ఉంది కాని ఆ రక్షణ ఎవరిదో లేదు. కొత్త పేరులో మొదట యెహో అనే దైవనామ భాగం వచ్చి చేరడంతో, యెహోవాయే రక్షణ అనే పూర్తి వాక్యం ఒక మనిషి పేరయింది. పేరులోని రెండో భాగాన్ని ఉదారుడు అనే అర్థమిచ్చే మరో మాటతో కలిపి, యెహోవా ఉదారుడు అని చెప్పే పండితులూ ఉన్నారు. అయితే మత్తయి సువార్త మొదటి అధ్యాయం నాటికే రక్షణ అనే అర్థం యూదుల మనసులో స్థిరపడిందని అక్కడి నామకరణ సందర్భమే చెబుతుంది.

దేవుడి పేరును కడుపులో పెట్టుకున్న ఇటువంటి పేర్లను దైవనామగర్భితాలు అనవచ్చు. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన శ్రోతలకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. అహోబిలం నరసింహస్వామి అహోబిలేశుడు; ఆయన పేరే ఓబులేసు, ఓబయ్య, ఓబుళరెడ్డి, ఓబులమ్మ అని ఆ ప్రాంతంలో ఇంటింటా పలుకుతుంది. మహానంది నుంచి మహానందయ్య, మద్దిలేటి స్వామి నుంచి మద్దిలేటి వచ్చినట్టే. ఇక్కడ ఒక చిన్న విషయం దగ్గరగా చూడదగింది. అహోబిలేశుడు జనం నోట నలిగినప్పుడు మొట్టమొదట జారిపోయినది ‘హ’కారం, యెహోషువ అనే పేరు యూదుల నోట నలిగినప్పుడూ జారిపోయినది ఆ ‘హ’కారమే. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దంలో బబులోను చెర నుంచి యూదులు తిరిగి వచ్చిన కాలంలో, యెహోజాదాకు కుమారుడైన ప్రధాన యాజకుణ్ణి హగ్గయి, జెకర్యా గ్రంథాలు యెహోషువ అనే నిండు పేరుతో పిలిస్తే, అదే మనిషిని ఎజ్రా గ్రంథం యేషూవ అనే పొట్టి పేరుతో పిలిచింది. ఈ పోలిక ధ్వనులు అరిగే తీరు వరకే చెల్లుతుంది. ఓబులేసులోని ఈశుడికీ యేసుకీ, లేదా ఈశ్వరుడికీ అరబ్బీ ఈసాకీ వ్యుత్పత్తి సంబంధం ఉందని అప్పుడప్పుడు వినిపించే మాటకు భాషాశాస్త్రంలో ఆధారం లేదు. రెండు భాషా కుటుంబాలు వేరు, రెండు ధాతువులూ వేరు.

ఒకే ధాతువుకు పుట్టిన తోబుట్టువులు ఇంకా ఉన్నారు. యెషయా, ఎలీషా, హోషేయ అనే ప్రవక్తల పేర్లలోనూ ఉన్నది ఈ రక్షణే. మట్టల ఆదివారం నాడు పిల్లలు కొమ్మలూపుతూ అనే హోసన్న కూడా, రక్షించు అని వేడుకునే అదే క్రియ. యెషయా చివర ఉన్న ‘యా’ దేవుడి పేరులోని ముక్క. తెలుగువారు ఆ ‘యా’ను తమ అయ్యగా విని యెషయ్య, జకరయ్య అన్నారు, 1912లో దోర్నకల్ బిషప్పయి, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడైన వేదనాయగం శామ్యూల్ అజరయా తెలుగు సంఘాల నోట అజరయ్య అయ్యారు. యెహోవా సహాయం చేశాడు అని చెప్పే హీబ్రూ పేరు, పెద్దాయనను గౌరవంగా పిలిచే తెలుగు పిలుపుగా అతుకు కనిపించకుండా మారిపోయింది.

2

యేసు, యెహోషువ ఒకే పేరు. చెప్పినప్పుడల్లా శ్రోతల్లో కొందరు ఆశ్చర్యపడే విషయమిది, అందుకే కాస్త నిదానంగా చెప్పుకోవాలి. క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాలలో హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి అనువదించినవారికి యేషూవ అనే పేరుతో రెండు చిక్కులు ఎదురయ్యాయి: గ్రీకులో ‘ష’ లేదు, చివరి అయిన్ అసలే లేదు. ‘ష’ స్థానంలో ‘స’ పెట్టి, అయిన్‌ను వదిలేసి, గ్రీకులో పురుష నామాలకు అలవాటైన ‘స్’ను చివర తగిలించి వారు ఈయేసూస్ అన్నారు. తెలుగు యేసులో ఆ చివరి గ్రీకు ‘స్’ రాలిపోయింది. మిగిలిన ‘సు’ మాత్రం హీబ్రూ ‘షు’కు వారసురాలు.

గ్రీకు బైబిల్లో నూను కుమారుడికీ నజరేతువాడికీ ఒకటే పేరు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, హెబ్రీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలోను, అపొస్తలుల కార్యముల ఏడో అధ్యాయంలోను, కనానులోకి జనాన్ని నడిపించిన నాయకుడి పేరు జీసస్ అనే అచ్చయింది; గ్రీకు మూలాన్ని చూస్తే అది తప్పేమీ కాదు. తెలుగు అనువాదకులు అక్కడ యెహోషువ అనే ఉంచి, చదువరి తికమక పడకుండా చూశారు. దానివల్ల ఇద్దరూ ఒకే పేరువాళ్లన్న సంగతి తెలుగు పుస్తకంలో కనబడకుండా పోయింది.

ఒకటో శతాబ్దపు యూదయలో ఇది చాలా మామూలు పేరు. ఆనాటి సమాధుల మీది రాతలను, యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసిన చరిత్రను పరిశీలించినవారు మగపిల్లలకు ఎక్కువగా పెట్టిన ఆరేడు పేర్లలో దీన్ని చేర్చారు. ఆ తర్వాత పేరు రెండుగా చీలింది. క్రైస్తవులకు అది ఆరాధ్యనామమైంది; యూదులు పొట్టి రూపాన్ని క్రమంగా వదిలి, నిండు రూపమైన యెహోషువను తమ రబ్బీల పేర్లలో నిలుపుకున్నారు. అరబ్బీలో ఈ చీలిక ఇంకా స్పష్టం. ఖురాన్‌లో ఇరవై అయిదు చోట్ల వచ్చే ఈసా ఒక రూపం; మూసా (మోషే) ప్రవక్త వెంట నడిచిన యువకుడిగా వ్యాఖ్యాతలు గుర్తించే యూషా బిన్ నూన్ ఇంకో రూపం.

తెలుగు క్రైస్తవుల పేర్లలోనూ ఈ చీలిక కనిపిస్తుంది. యేసు అని పిల్లవాడికి ఉత్తినే పేరు పెట్టడం అరుదు. యేసుదాసు, యేసుపాదం, యేసురత్నం అంటారు. రామదాసు అనడంలో, అబ్దుల్లా అనడంలో ఉన్న వినయమే ఇందులోనూ ఉంది, ఎందుకంటే అది కొలిచే పేరు. జాషువా అని మాత్రం ఏ తోకా తగిలించకుండా నిర్భయంగా పెడతారు, ఎందుకంటే అది మనిషి పేరు. అక్షరాలా ఒకటే అయిన రెండు రూపాలలో ఒకటి గుడిలోనూ ఒకటి వీధిలోనూ నిలిచాయి. జాషువా అనే రూపం తెలుగు కవికి దక్కడంలో ఈ విభజనకు చాలా పాత్ర ఉంది.

3

హీబ్రూ పేర్లు ఈ ప్రాంతానికి మొదట క్రైస్తవ మిషన్ల ద్వారా వచ్చాయనుకోవడం పొరపాటు. వాటికంటే చాలా ముందే అరబ్బీ, పారశీకాల మీదుగా అవి తెలుగు దేశంలోకి వచ్చాయి. కర్నూలును ఏలిన దావూద్ ఖాన్ పన్నీ పేరు దావీదు పేరే. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు అబ్రహాము పేరే. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడన్నారు. మలిక్ ఇబ్రహీం అనే పరాయి పేరులో రాముణ్ణి విని, పద్యంలో కూర్చుకున్న ఆ చాతుర్యం తర్వాతి శతాబ్దాలకు దారి చూపింది. ఇప్పటికీ నంద్యాల వీధుల్లో యూసుఫ్‌కు ఎదురింట యోసేపు, యాకూబ్‌కు పక్కింట యాకోబు ఉండడం వింతేమీ కాదు. దస్తగిరి, మౌలాలి, హుస్సేనయ్య అని హిందువుల ఇళ్లలోనూ పేర్లున్న సీమ ఇది. పేరును బట్టి మతాన్ని లెక్కగట్టడం ఇక్కడ ఎన్నడూ పూర్తిగా కుదరలేదు.

రెండో దారి మిషన్లది. పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలంలో ఎస్.పి.జి. మిషన్ అనే ఆంగ్లికన్ సంస్థ ఆళ్లగడ్డకు దక్షిణాన ఉన్న ముత్యాలపాడులోను, ఆ తర్వాత కలసపాడు, నంద్యాలల్లోను స్థిరపడింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఇక్కడి ఆంగ్లికన్లలో పెద్ద భాగం వెంటనే ఆ ఐక్యతలో చేరలేదంటే, ఆ సంప్రదాయం ఎంత లోతుగా వేళ్లూనిందో ఊహించవచ్చు. ఇటువంటి మిషన్లు తెచ్చిన పుస్తకంలో యెహోషువ ఉన్నాడు. తెలుగులో బైబిల్ అనువాదానికి పద్దెనిమిదో శతాబ్దం మొదటి సగంలోనే బెంజమిన్ షుల్జ్ పూనుకున్నా అది అచ్చు కాలేదు. విశాఖపట్నంలో డెగ్రాంజ్, క్రాన్ అనే మిషనరీలు ఆనందరాయర్ సహాయంతో మొదలుపెట్టిన పనిలోంచి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పాత నిబంధన పూర్తిగా తెలుగులో చేతికి రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. అందులో పేర్లను హీబ్రూ ఉచ్చారణకు దగ్గరగా యెహోషువ, యిర్మీయా, యెహెజ్కేలు అని రాశారు.

అయితే వినుకొండ పిల్లవాడికి పెట్టిన పేరు యెహోషువ కాదు, జాషువా. ఇందులోని ‘జ’ హీబ్రూది కాదు, గ్రీకుదీ కాదు. లాటిన్‌లో ‘య’గా పలికిన అక్షరం ఫ్రెంచివారి నోట, వారి ద్వారా ఇంగ్లీషువారి నోట ‘జ’గా మారింది, యోసేపు జోసెఫ్ కావడం, యాకోబు జేకబ్ కావడం ఈ మార్పు వల్లనే. అంటే తెలుగు ఊళ్లలో చర్చి పుస్తకం యెహోషువ అంటుంటే, దొరల నోటి నుంచి జాషువా వినిపించేది. కొన్ని కుటుంబాలు పుస్తకాన్ని అనుసరించాయి, కొన్ని నోటిని అనుసరించాయి. బాప్తిస్మంతో పేరు మారి తీరాలన్న నియమమూ అంతటా లేదు. జాషువా తండ్రి వీరయ్య, తల్లి లింగమాంబ. క్రైస్తవ కుటుంబమే అయినా తల్లిదండ్రుల పేర్లు పల్నాటి పేర్లుగానే ఉన్నాయి, కొడుకు పేరు మాత్రం సముద్రాలు దాటి వచ్చింది.

4

ఈ దశ ఛందస్సు గురించి కాబట్టి తెలుగు పండితులు కొంచెం ఓపిక పట్టాలి. విద్యార్థులకు గణాలు మళ్లీ గుర్తు చేయవలసి వస్తుంది. తెలుగు పద్యం అక్షరాలను గురువు, లఘువు అని తూచి చూస్తుంది. సాధారణంగా దీర్ఘం గురువు, హ్రస్వం లఘువు. జాషువ అని చివర హ్రస్వంతో పలికితే గురువు, లఘువు, లఘువు వచ్చి భగణమవుతుంది. జాషువా అని దీర్ఘంతో పలికితే గురువు, లఘువు, గురువు వచ్చి రగణమవుతుంది. ఉత్పలమాల పాదం మొదలయ్యేది భగణంతో, దాని వెంట వచ్చేది రగణం. తేటగీతి, ఆటవెలది, సీసాలలో వాడే ఇంద్రగణాలు ఆరింటిలో భగణమూ ఉంది, రగణమూ ఉంది. అంటే ఈ పేరు ఎలా పలికినా తెలుగు పద్యంలో గణం మొదట కుదురుగా కూర్చోగలదు.

బైబిల్ రూపమైన యెహోషువ సంగతి వేరు. యె లఘువు, హో గురువు. లఘువు వెంటనే గురువుతో మొదలయ్యే గణం ఇంద్రగణాల్లో లేదు, సూర్యగణాల్లోనూ లేదు. తేటగీతిలో ఆ పేరును పెట్టాలంటే మొదటి అక్షరాన్ని ముందు గణానికి అప్పగించి, హోషువ అనే మిగతా భాగాన్ని తర్వాతి గణంగా నడపాలి. చేయి తిరిగిన కవికి అది అసాధ్యం కాకపోయినా, తన పేరునే పద్యంలో చెప్పుకోవలసిన అవధానాల, సన్మానాల లోకంలో ప్రతిసారీ ఆ పేచీ ఎదురయ్యేది. ఇంగ్లీషు నోటి నుంచి వచ్చిన రూపం హీబ్రూకు దూరమైనా ఉత్పలమాలకు దగ్గరయింది. పేరు పెట్టినవారు ఇది ఆలోచించి పెట్టి ఉండరు. ఇంటి పేరు గుర్రం, సొంత పేరు జాషువ. ఒకటి అచ్చతెలుగు జంతువు, ఒకటి యెరికో కోట ముందు నిలిచిన నాయకుడు. రెండూ కలిసి ఒక తెలుగు కవి సంతకమయ్యాయి.

5

పేరు తేలిగ్గా పద్యంలో ఇమిడింది కాని, ఆ పేరు గలవాడిని సభ అంత తేలిగ్గా ఇముడ్చుకోలేదు. సంస్కృతం చదివి పురాణ కథలను పద్యాలుగా రాసినందుకు క్రైస్తవ సంఘంవారు ఆయనను వెలివేశారు. అంటరాని కులంలో పుట్టాడని అగ్రవర్ణాలవారు ఆయన పద్యానికి చెవి మూసుకున్నారు. పేరు విని ఒకరు దగ్గరవాడనుకుని, పద్యం విని దూరం పెట్టారు. పద్యం విని మరొకరు దగ్గరికి వచ్చి, పేరు విని దూరం జరిగారు.

1941 నాటి ‘గబ్బిలం’లో ఈ బాధకు రూపం వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే, జాషువా నాయకుడు గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపాడు. మనిషికి ప్రవేశం లేని గుడిలో గబ్బిలం దేవుడి చెవి దగ్గరే వేలాడగలదు కాబట్టి అతడికి అదే తగిన దూత. ఆ నాయకుడికి కావ్యంలో వ్యక్తినామం లేదు. అరుంధతీ సుతుడు అంటాడు కవి. వశిష్ఠుడి భార్య అరుంధతిని తమ ఆడబిడ్డగా చెప్పుకునే కులం వారసత్వమంతా ఆ ఒక్క సమాసంలో ఉంది. యెహోషువ పేరు మోసిన కవి తన నాయకుడికి బైబిల్ పేరు పెట్టలేదు, ఊళ్లో వినిపించే మామూలు పేరూ పెట్టలేదు. ఒక జాతి మొత్తాన్ని పలికించే పిలుపును ఎన్నుకున్నాడు. పేరు వినగానే మనిషిని తూచే లోకంలో ఒక కవి ఇవ్వగలిగిన గట్టి జవాబు అదే.

పేరు కారణంగా తూచడం కాగితం మీదికీ వచ్చింది. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఆ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులైన దళితులు బయటే ఉండిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలో లెక్కిస్తారు. ఈ కారణంగా చాలా కుటుంబాలలో బడి రిజిస్టరులో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు ఉండడం మామూలయింది. ఒకే పిల్లవాణ్ణి ఉపాధ్యాయుడు ఒక పేరుతో, పాస్టరు మరో పేరుతో పిలవడం ఈ సభలో ఎందరికో తెలిసిన సంగతే. కన్నవారు ప్రేమతో పెట్టుకున్న పేరు సర్టిఫికెట్ దగ్గర దాచుకోవలసిన పేరు కావడం అన్యాయం. ఈ మాటను జాషువా పేరు మీద జరిగే సభలో కూడా అనకపోతే ఇంకెక్కడ అంటారు?

6

కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘క్రీస్తు చరిత్ర’ దగ్గర పేరు కథ విచిత్రమైన మలుపు తిరిగింది. రెండో దశలో చెప్పిన విషయాన్ని శ్రోతలు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. యేసు, జాషువా ఒకే పేరు. ఒకటి ఆరాధ్యనామమై, ఒకటి మానుషనామమై రెండు వేల ఏళ్ల క్రితం విడిపోయాయి. ఆ రెండూ ఒక తెలుగు కావ్యం దగ్గర మళ్లీ కలుసుకున్నాయి: కథానాయకుడిది గ్రీకు దారిలో వచ్చిన రూపం, కవిది ఇంగ్లీషు దారిలో వచ్చిన రూపం. వెలివేసిన సంఘం కొలిచే దేవుడి చరిత్రను, వెలి పడిన కవి, సభ చెవి మూసుకున్న పద్యంలోనే రాశాడు. ఒకే పేరు గల ఇద్దరు మళ్లీ ఎదురుపడ్డ ఇటువంటి సందర్భం తెలుగు కావ్యచరిత్రలో అరుదు.

ఇప్పుడు తెలుగు పిల్లలను జాషువా ఎవరని అడిగితే, పాఠ్యపుస్తకం చదివినవారు మొదట చెప్పేది కవి గురించే. యెరికో గోడలు, యొర్దాను దాటడం ఆదివారపు బడికి వెళ్లినవారికే తెలుసు. హీబ్రూ ధాతువు ఎరుగని, బైబిల్ తెరవని ఇళ్లలో కూడా ఈ పేరు గౌరవంగా పలుకుతుందంటే, ఆ గౌరవం సంపాదించినది పద్యమే. ఆ కవి తన కూతురికి హేమలత అని సంస్కృత నామం పెట్టుకున్నాడు; ఆమె హేమలతా లవణంగా స్టూవర్టుపురంలో నేరం ముద్ర పడ్డ కుటుంబాల కోసం దీర్ఘకాలం పనిచేసింది. వీరయ్య, జాషువా, హేమలత అనే మూడు తరాల పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే, పేర్లు ఒక దిక్కుకే నడుస్తాయని ఎవరూ అనలేరు.

ఈ ప్రాంతంలో చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంది. ఆంగ్లికన్ పద్ధతిలో బాప్తిస్మాలను రిజిస్టరులో నమోదు చేస్తారు. తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు అందులో ఉంటాయి. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల వంటి పాత సంఘాల రిజిస్టర్లలో ఏవి ఎంతవరకు నిలిచి ఉన్నాయో పాస్టర్లు చూసి చెప్పగలిగితే, ఇక్కడి కళాశాలల తెలుగు విద్యార్థులు వాటిని సంఘాల అనుమతితో ఎత్తి రాయవచ్చు. ఏ ఊళ్లో యెహోషువ ముందు వచ్చాడు, ఏ ఊళ్లో జాషువా వచ్చాడు, ఏ ఇంట్లో ఓబులేసు కొడుకు యేసుదాసయ్యాడు, ఏ ఇంట్లో యేసుదాసు కొడుకు మళ్లీ ఓబులేసయ్యాడు అన్న లెక్క అప్పుడు తేలుతుంది. అయితే అందులో ఉన్నవి ఇప్పటికీ ఈ ఊళ్లలో బతుకుతున్నవారి తాతముత్తాతల పేర్లు. కులమూ మతమూ రెండూ బయటపడే కాగితాలు. వాటిని అచ్చు వేసేటప్పుడు ఇంటి పేర్లు తీసేసి, ఊరు, సంవత్సరం, బిడ్డ పేరు మాత్రమే ఉంచాలి. ఇంకు వెలిసిపోతున్న పుస్తకాలకు ఆలస్యం మంచిది కాదు కనుక, వచ్చే విద్యా సంవత్సరంలోనే ఒక్క సంఘంతోనైనా ఈ పని మొదలుపెట్టమని సభలోని తెలుగు అధ్యాపకులకు విన్నపం.